సాగు లెక్కల్లో మహిళా రైతు: ఏ సర్వే ఏం అడుగుతుంది, ఎవరిని వదిలేస్తుంది

భారతదేశంలో మహిళా రైతులు ఎంతమంది? ఈ ప్రశ్నకు ప్రభుత్వ గణాంకాల్లోనే కనీసం మూడు జవాబులు దొరుకుతాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో మహిళలవి 13.96 శాతం. 2011 జనాభా లెక్కల ప్రకారం సొంత భూమిలోనో కౌలు భూమిలోనో సేద్యం చేసేవారిలో మహిళలు సుమారు 30 శాతం. 2023-24 కార్మిక సర్వే ప్రకారం గ్రామాల్లో పనిచేస్తున్న మహిళల్లో 76.9 శాతం మంది వ్యవసాయ రంగంలోనే ఉన్నారు.

ఈ మూడూ ప్రభుత్వ సంస్థలు ప్రకటించిన అంకెలే. ప్రతిదీ తన నిర్వచనం మేరకు సరైనదే. అయితే మొదటి అంకె రికార్డులో పేరున్న కమతాలను లెక్కిస్తుంది. రెండోది సేద్యం చేస్తున్నామని చెప్పిన మనుషులను లెక్కిస్తుంది. మూడోదాని హారమే వేరు: అది రైతుల్లో మహిళల వాటా చెప్పదు, పనిచేసే మహిళల్లో వ్యవసాయం మీద ఆధారపడినవారి వాటా చెబుతుంది. చర్చల్లో 14, 77 శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం మామూలే గానీ, ఆ రెండూ ఒకే వస్తువును కొలిచిన అంకెలు కావు.

ఏ అంకెను తీసుకుంటారన్న దాన్నిబట్టి పథకాల లబ్ధిదారుల జాబితాలు, పంట రుణాలు, బీమా, పరిహారం మారిపోతాయి. అందుకే మహిళల శ్రమ, భూమి, నిర్ణయాధికారం వ్యవసాయ గణాంకాల్లోకి ఎలా చేరుతున్నాయో, ఎక్కడ జారిపోతున్నాయో తెలుసుకోవడం అవసరం.

వ్యవసాయ గణన: రికార్డులో పేరే ఆధారం

దేశంలో వ్యవసాయ గణన 1970-71లో మొదలైంది. సాధారణంగా ఐదేళ్లకోసారి జరుగుతుంది. 2015-16లో జరిగింది పదోది. 2021-22ను ఆధార సంవత్సరంగా తీసుకున్న పదకొండో గణనను కేంద్రం 2022 జులైలో ప్రారంభించింది. కమతందారు స్త్రీయా పురుషుడా అన్న సమాచారాన్ని 1995-96 గణన నుంచి సేకరిస్తున్నారు. అంటే మొదటి పాతికేళ్ల గణనలో ఈ తేడా కనిపించనే లేదు.

గణనకు మూలం సాగు కమతం. యాజమాన్యంతో సంబంధం లేకుండా, ఒకే యూనిట్‌గా సాగవుతున్న భూమి మొత్తాన్ని కమతం అంటారు. సాగు బాధ్యత ఎవరిదో, సాంకేతిక నిర్ణయాలు ఎవరు తీసుకుంటారో వారే కమతందారు. నిర్వచనం వరకు చూస్తే ఇది మహిళలకు అడ్డం కాదు. భర్త గల్ఫ్‌కో నగరానికో వెళ్లిపోతే పొలం చూసుకుంటున్న భార్య కమతందారు కావాలి.

ఇబ్బంది సేకరణ పద్ధతిలో వస్తుంది. భూమి రికార్డులు సక్రమంగా ఉన్న రాష్ట్రాల్లో గణన మొదటి దశకు ఇంటింటి సర్వే చేయరు. గ్రామ రెవెన్యూ రికార్డుల్లోని వివరాలను తిరిగి పట్టికలుగా మారుస్తారు. కేరళ, ఒడిశా, పశ్చిమ బెంగాల్ వంటి చోట్ల మాత్రమే నమూనా గ్రామాల్లో సర్వే చేస్తారు. అందువల్ల దేశంలో అత్యధిక భాగానికి కమతందారు ఎవరన్నది రికార్డులోని పేరును బట్టే తేలుతుంది. పొలంలో నిర్ణయం ఎవరిదని అడిగే సందర్భమే రాదు.

రెండో ఇబ్బంది కమతాల వర్గీకరణలో ఉంది. ఒకే కుటుంబ సభ్యులు కలిసి సాగుచేసే భూమిని వ్యక్తిగత కమతంగానే లెక్కిస్తారు. వేర్వేరు కుటుంబాలవారు కలిస్తేనే అది ఉమ్మడి కమతం. భార్యాభర్తలిద్దరూ సమానంగా చేసే సేద్యం ఈ వర్గీకరణలో ఒక్క వ్యక్తి కమతంగా మారుతుంది. ఆ ఒక్కరు ఎవరన్నది మళ్లీ రికార్డే చెబుతుంది.

మూడోది, సేకరించిన సమాచారం పరిధి. మహిళలకు సంబంధించిన వివరాలు కమతాల సంఖ్య, విస్తీర్ణం వరకే పరిమితం. వాటిని కమతం పరిమాణం, సామాజిక వర్గం, కమతం రకం వారీగా ఇస్తారు. మహిళల కమతాల్లో ఏ పంటలు వేస్తున్నారు, నీటి వసతి ఉందా, ఎరువులు ఎంత వాడుతున్నారు, అప్పు ఎక్కడ దొరుకుతోంది అన్నవి ఆ పట్టికల్లో ఉండవు.

ఉన్న సమాచారం మాత్రం ఉపయోగకరమైనదే. 2015-16లో మొత్తం 14.65 కోట్ల కమతాల్లో మహిళలవి సుమారు 2.04 కోట్లు. 2010-11లో వారి వాటా 12.79 శాతం ఉండగా ఐదేళ్లలో 13.96కు చేరింది. విస్తీర్ణంలో వాటా 10.36 నుంచి 11.72 శాతానికి పెరిగింది. కమతాల్లో వాటా కన్నా విస్తీర్ణంలో వాటా తక్కువ కాబట్టి మహిళల కమతాలు చిన్నవని అర్థం. దేశ సగటు 1.08 హెక్టార్లయితే మహిళల కమతాల సగటు దాదాపు 0.9 హెక్టారు.

ఆంధ్రప్రదేశ్‌లో 30, పంజాబ్‌లో ఒకటిన్నర

దేశ సగటు రాష్ట్రాల మధ్య ఉన్న తేడాను దాచేస్తుంది. 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లోని కమతాల్లో దాదాపు 30 శాతం, తెలంగాణలో దాదాపు 23 శాతం మహిళలవి. పంజాబ్‌లో ఇది ఒకటిన్నర శాతం దగ్గరే ఆగిపోయింది. దేశంలోని మొత్తం మహిళా కమతాల్లో ఎనిమిదో వంతు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి.

దీనికి తెలుగు ప్రాంతపు చరిత్ర కొంత కారణం కావచ్చు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చే సవరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అలాంటి సవరణ 2005లో వచ్చింది. వ్యవసాయ భూమికి ఉన్న మినహాయింపును తొలగించింది కూడా ఆ 2005 సవరణే. ప్రభుత్వం పంచిన భూముల పట్టాలను మహిళల పేరిట ఇచ్చే పద్ధతి కూడా ఇక్కడ కొనసాగింది. తెలంగాణలో 2014లో మొదలైన దళితులకు మూడెకరాల పథకంలో భూమిని మహిళల పేరిటే రిజిస్టర్ చేశారు.

అయితే 30 శాతం అన్న అంకె ఒక విషయం చెప్పదు. ఆ పాసుపుస్తకంలో పేరున్న మహిళ విత్తనం ఎంచుకుంటోందా, పంట అమ్మిన డబ్బు చేతికి తీసుకుంటోందా, భూమిని తనఖా పెట్టే నిర్ణయంలో ఆమె మాట చెల్లుతోందా అన్నది రికార్డు నుంచి తెలియదు. పంజాబ్‌లోని ఒకటిన్నర శాతం కూడా అక్కడి పొలాల్లో, పశువుల కొట్టాల్లో మహిళలు చేసే పనిని చెప్పదు. రెండు చోట్లా గణన కొలిచింది కాగితాన్నే.

జనాభా లెక్కలు: ప్రశ్న మారితే సంఖ్య మారుతుంది

ప్రశ్న అడిగే తీరు మహిళల సంఖ్యను ఎంతగా మార్చగలదో జనాభా లెక్కల చరిత్ర చెబుతుంది. 1961 లెక్కల్లో మహిళల్లో పనిచేసేవారు దాదాపు 28 శాతం. 1971లో అది 12 శాతం దగ్గరికి పడిపోయింది. పదేళ్లలో సగానికి పైగా మహిళలు పొలం పని మానేయలేదు. మారింది నిర్వచనం. 1961లో కొద్దిపాటి పని చేసినా పనివారి కింద రాశారు. 1971లో ప్రధానంగా ఏ పని చేస్తారని అడిగారు. పొద్దున వంట, మధ్యాహ్నం కలుపు, సాయంత్రం పశువుల మేత చూసే మహిళకు ఇంటి పని ప్రధానమైపోయింది. పొలం పని లెక్కలోంచి పోయింది.

మహిళల స్థితిగతులపై 1971లో ఏర్పాటై 1974లో నివేదిక ఇచ్చిన జాతీయ కమిటీ తర్వాత ఈ లోటుపై చర్చ బలపడింది. 1970ల రెండో భాగంలో ఆర్థికవేత్త దేవకీ జైన్, మాలినీ చంద్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో మహిళలు రోజంతా ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో నమోదు చేసి, మామూలు సర్వే ప్రశ్నలు వారి పనిని పట్టుకోలేకపోతున్నాయని చూపించారు.

1991 జనాభా లెక్కల ప్రశ్నలో ‘పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ జీతం లేకుండా చేసే పని’ కూడా పనేనని స్పష్టంగా చేర్చారు. మహిళా సంఘాల ఒత్తిడి దీనికి ఒక కారణం. ఆ దారిలోనే సాగిన 2011 లెక్కల్లో 3.6 కోట్ల మంది మహిళలు సేద్యం చేసేవారిగా, 6.16 కోట్ల మంది వ్యవసాయ కూలీలుగా నమోదయ్యారు. మొత్తం సేద్యగాళ్లలో మహిళలు 30 శాతమైతే, కూలీల్లో దాదాపు 43 శాతం. సొంత సాగు కన్నా కూలిలో వారి వాటా ఎక్కువగా ఉండడం భూమి ఎవరి చేతిలో ఉందో పరోక్షంగా చెబుతుంది.

కార్మిక సర్వే: సహాయకురాలు అనే విభాగం

పని గురించి ఇప్పుడు ఎక్కువగా వాడే గణాంకాలు 2017 ఏప్రిల్‌లో మొదలైన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) నుంచి వస్తాయి. ఇందులో ఏడాదిలో ఎక్కువ కాలం చేసిన పనితోపాటు, కనీసం 30 రోజులు చేసిన అనుబంధ పనినీ అడుగుతారు. నాట్లు, కోతల కాలంలో మాత్రమే పొలానికి వెళ్లే మహిళలు ఈ అనుబంధ ప్రశ్న వల్లనే లెక్కలోకి వస్తారు.

2023-24లో గ్రామీణ మహిళా కార్మికుల్లో 76.9 శాతం వ్యవసాయంలో ఉంటే, గ్రామీణ పురుషుల్లో 49.4 శాతమే ఉన్నారు. మగవాళ్లు నిర్మాణం, రవాణా, వ్యాపారం వైపు వెళ్తుంటే సేద్యం మహిళల మీద పడుతోందన్న మాటకు ఇదే ప్రధాన ఆధారం.

ఈ సర్వేలోనూ ఒక మెలిక ఉంది. స్వయం ఉపాధిని సొంతంగా చేసేవారు, ఇంటి సేద్యంలో లేదా వ్యాపారంలో సహాయకులు అని విడదీస్తారు. సహాయకులకు జీతం ఉండదు. 2022-23లో దేశంలోని మొత్తం మహిళా కార్మికుల్లో 37.5 శాతం ఈ సహాయకుల విభాగంలోనే ఉన్నారు. భర్త సొంతంగా సేద్యం చేసేవాడు, భార్య సహాయకురాలు అని రాయడం దాదాపు అలవాటైపోయింది. ఆమె పని గంటలు ఎక్కువైనా, నిర్ణయాలు ఇద్దరివీ అయినా ఆ గడి మారదు.

దానికన్నా కింద ఇంకో గడి ఉంది. ఇంటి పనితోపాటు కట్టెలు, ఆకుకూరలు, పశుగ్రాసం వంటివి ఉచితంగా సేకరించే మహిళలకు జాతీయ నమూనా సర్వేలు కోడ్ 93 ఇస్తాయి. ఈ కోడ్ వచ్చినవారిని పనివారిగా లెక్కించరు. గట్ల మీద గడ్డి కోసి గేదెను మేపే మహిళ చేసిన పని పాల ఉత్పత్తిలో కనిపిస్తుంది, ఉపాధి లెక్కలో మాత్రం కనిపించకపోవచ్చు.

2017-18 నుంచి 2023-24 మధ్య గ్రామీణ మహిళల శ్రామిక భాగస్వామ్యం 24.6 శాతం నుంచి 47.6 శాతానికి పెరిగినట్టు ఇదే సర్వే చెబుతోంది. నిజంగా ఎక్కువమంది పనిలోకి వచ్చారా, ఇబ్బందుల వల్ల సొంత సాగులోకి దిగారా, ముందు నుంచీ చేస్తున్న పనినే ఇప్పుడు సరిగ్గా రాస్తున్నారా అన్న దానిపై ఆర్థికవేత్తల మధ్య చర్చ నడుస్తోంది. కొలిచే పద్ధతి స్థిరంగా లేకపోతే ఇలాంటి చర్చ తేలదు.

కుటుంబం దగ్గర ఆగిపోయే సర్వేలు

రైతుల ఆదాయం, అప్పులు, ఖర్చుల గురించి ఎక్కువగా ఉటంకించేది జాతీయ నమూనా సర్వే వారి వ్యవసాయ కుటుంబాల పరిస్థితి అంచనా సర్వే. 2003, 2013, 2019ల్లో జరిగింది. 2018-19లో వ్యవసాయ కుటుంబ సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలన్న అంకె దీనిదే. 2003లో రైతు అనిపించుకోవడానికి భూమి ఉండాలన్న షరతు ఉండేది. 2013లో దాన్ని తీసేసి, వ్యవసాయ ఉత్పత్తి విలువను ప్రమాణంగా పెట్టారు. భూమిలేని కౌలుదారులకు, పశువులు పెంచేవారికి ఇది మేలు చేసింది.

కానీ ఈ సర్వేలో ఆదాయానికీ అప్పుకూ యూనిట్ కుటుంబం. 10,218 రూపాయల్లో మహిళ చేతికి ఎంత వచ్చింది, అప్పు ఎవరి పేరిట ఉంది, దాన్ని తీర్చే భారం ఎవరిది అన్నవి అడగరు. కుటుంబ పెద్ద స్త్రీ అయిన ఇళ్లను విడదీసి చూడవచ్చు. అలా చూస్తే వితంతువులు, ఒంటరి మహిళలు, వలస వెళ్లినవారి భార్యలు మాత్రమే కనిపిస్తారు. భర్త ఇంట్లోనే ఉన్న కోట్లాది మహిళా రైతులు కుటుంబం అన్న మాట వెనక ఉండిపోతారు.

భూమి ఎవరిది?

మహిళల పేరిట ఎంత భూమి ఉందో చెప్పే జాతీయ స్థాయి లెక్క స్పష్టంగా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలను ఇల్లు లేదా భూమి, ఒంటరిగా లేదా ఉమ్మడిగా ఉందా అని అడుగుతారు. 2019-21లో 40 శాతానికి పైగా ఉందన్నారు. ఇంటినీ పొలాన్నీ, ఒంటరి హక్కునూ ఉమ్మడి హక్కునూ కలిపేసిన ఆ అంకెను సాగు భూమికి వాడితే అపార్థమే మిగులుతుంది.

దీనికి పూర్తి భిన్నమైన చిత్రం హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ గ్రామ అధ్యయనాల నుంచి వచ్చింది. ఆ సంస్థ 1975 నుంచి మహబూబ్‌నగర్ ప్రాంతంలోని అవురేపల్లి, డోకూరు వంటి గ్రామాల్లో మకాం వేసిన పరిశోధకులతో కుటుంబాల వివరాలు రాయిస్తోంది. తర్వాత తొమ్మిది రాష్ట్రాలకు విస్తరించిన ఈ సర్వేల్లో ఏ మడి ఎవరి పేరిట ఉందో విడిగా నమోదు చేశారు. 2009 నుంచి 2014 వరకు ఉన్న ఆ సమాచారాన్ని బీనా అగర్వాల్ తదితరులు విశ్లేషించి, భూమి ఉన్న గ్రామీణ కుటుంబాల్లో భూ యజమానుల్లో మహిళలు 14 శాతమేనని, వారి చేతిలో ఉన్న భూమి 11 శాతమేనని 2021లో ప్రచురించారు.

ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 5.ఎ.1 సూచిక అడిగేది కూడా ఇదే. సాగు భూమిపై యాజమాన్యం లేదా భద్రమైన హక్కు ఉన్నవారి వాటాను స్త్రీ పురుషుల వారీగా చెప్పాలి. ఆ సమాచారం లేక నీతి ఆయోగ్ సూచీ సాగు కమతాల్లో మహిళల వాటాను, అంటే 13.96 శాతాన్ని వాడుతోంది. సాగు బాధ్యతను చెప్పాల్సిన అంకె హక్కును చెప్పే అంకెగా మారిపోయింది. రెండూ చివరికి ఒకే రెవెన్యూ రికార్డు నుంచి రావడం వల్ల ఈ తేడా ఎవరికీ పెద్దగా తట్టదు.

కూలి రేట్లు, పని గంటలు

మహిళల గురించి విడిగా చెప్పే పాత వ్యవసాయ గణాంకం కూలి రేట్లు. లేబర్ బ్యూరో ప్రతి నెలా గ్రామాల నుంచి వచ్చే రేట్లను స్త్రీ పురుషుల వారీగా ఇస్తుంది. 2013 నవంబర్ నుంచి పనుల వర్గీకరణ మారింది. అంతకుముందు విడివిడిగా ఉన్న విత్తడం, నాట్లు, కలుపు పనులను ఒకే వర్గంలో కలిపారు. నాట్లూ కలుపూ చాలా ప్రాంతాల్లో మహిళల పనులే. వాటిని కలిపేస్తే ఏ పనికి ఎంత కూలి పడుతోందో, కలుపు మందులు వచ్చాక ఏ పని తగ్గిపోతోందో చూడటం కష్టమవుతుంది.

రోజంతటి పనిని పట్టుకునే సాధనం సమయ వినియోగ సర్వే. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా, 2019లో తొలిసారి దేశవ్యాప్తంగా, 2024లో రెండోసారి జరిగింది. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే మహిళలు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెట్టారు. 2024లో ఇవి 289, 88 నిమిషాలు. సాగులో యంత్రం కొన్నా, కొత్త పంట వేసినా దానికి కావాల్సిన సమయం ఈ దాదాపు ఐదు గంటల తర్వాత మిగిలిన దాంట్లోంచే రావాలి.

పొరుగు దేశాల అనుభవం

దక్షిణాసియాలో పనిచేసే మహిళల్లో 71 శాతం మంది పంట నుంచి మార్కెట్ వరకు ఉన్న ఆహార వ్యవస్థలో ఉన్నారని ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2023 నివేదిక చెప్పింది. పురుషుల్లో ఇది 47 శాతం. లెక్కించే ఇబ్బందీ ఈ ప్రాంతమంతటా ఉన్నదే.

పాకిస్తాన్‌లో 1981 జనాభా లెక్కలు మహిళల్లో పనిచేసేవారు 3 శాతం దగ్గర ఉన్నారని చెప్పాయి. 1980 వ్యవసాయ గణన మాత్రం వ్యవసాయ కుటుంబాల మహిళల్లో 73 శాతం మంది పనిచేస్తున్నారని తేల్చింది. ఆ తర్వాత అక్కడి కార్మిక సర్వే ఒక మార్గం కనిపెట్టింది. ఇంటి పని అని జవాబిచ్చిన మహిళలతో సంభాషణ ముగించకుండా, పశువుల పెంపకం, పంట కోత వంటి 14 పనుల జాబితా చదివి ఒక్కొక్కటీ చేశారా అని అడుగుతుంది. ఆ జవాబులతో విడిగా రెండో భాగస్వామ్య రేటు లెక్కగట్టి ప్రచురిస్తుంది. పాత శ్రేణి చెడదు, కొత్త సమాచారమూ పోదు.

నేపాల్ జనాభా లెక్కలు ఇంట్లో మహిళ పేరిట ఇల్లు లేదా భూమి ఉందా అని నేరుగా అడుగుతాయి. 2021లో 23.8 శాతం కుటుంబాలు ఉందన్నాయి. మగవాళ్ల వలస భారీగా ఉన్న ఆ దేశంలో మహిళలు నడిపే కమతాలు 2001-02 గణనలో 8 శాతం ఉండగా 2011-12 నాటికి 19 శాతం దగ్గరికి చేరాయి.

బంగ్లాదేశ్ నిర్ణయాధికారాన్ని కొలిచే ప్రయోగానికి వేదికైంది. 2012లో వచ్చిన వ్యవసాయంలో మహిళా సాధికారత సూచీని తొలుత పరీక్షించిన మూడు దేశాల్లో అది ఒకటి. ఉత్పత్తి నిర్ణయాలు, వనరులు, ఆదాయం, నాయకత్వం, సమయం అనే ఐదు అంశాల మీద ఒకే ఇంట్లో స్త్రీనీ పురుషుడినీ వేర్వేరుగా అడుగుతారు. ఎఫ్‌ఏఓ 2020 దశాబ్దపు వ్యవసాయ గణన మార్గదర్శకాల్లో కూడా నిర్ణయాలు, యాజమాన్యం కుటుంబంలో ఎవరెవరి మధ్య ఎలా పంచుకున్నారో అడిగే అంశం చేరింది.

లెక్కలో లేకపోతే ఏం పోతుంది?

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో రైతులు 5,207 మంది. అందులో మహిళలు 208. కూలీలు 6,083 మంది. అందులో మహిళలు 611. అదే ఏడాది గృహిణి అన్న వర్గంలో 25 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయి. ఆ గృహిణుల్లో పొలం పనిచేసిన మహిళలు ఎంతమందో విడదీసే మార్గం ఈ పట్టికల్లో లేదు. భూమి పేరిట లేని మహిళను పోలీసు కాగితంలో రైతుగా రాయడానికి ఆధారం అడుగుతారు. గృహిణి అని రాయడానికి ఏ ఆధారమూ అక్కర్లేదు. ఈ తేడా పరిహారం దాకా వెళ్తుంది. రైతు మరణం కాదని తేలితే ఆ కుటుంబానికి రైతు కుటుంబంగా వచ్చే సాయం రాదు.

బతికున్నవారికీ ఇదే కొలమానం. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి రికార్డుల్లో సాగు భూమి ఉన్న కుటుంబానికి వస్తాయి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే దక్కింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే రైతుబీమాకూ పట్టాయే ఆధారమైంది. భర్త పేరిట భూమి ఉండి భార్య చనిపోతే ఆ ఇంట్లో పోయిన సేద్యగత్తెకు బీమా లేదు. భర్త పోయాక విరాసత్ మార్పిడి పూర్తికాని వితంతువుకు పంట రుణం దొరకడమూ కష్టమే. కౌలు చేసే మహిళలకు పట్టా లేదు, చాలా చోట్ల కౌలు కాగితమూ లేదు.

నిర్వచనం మార్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. ఎం.ఎస్. స్వామినాథన్ నేతృత్వంలోని జాతీయ రైతుల కమిషన్ తర్వాత వచ్చిన 2007 జాతీయ రైతు విధానం కౌలుదారులు, కూలీలు, పశుపోషకులు, మత్స్యకారులు, అటవీ ఉత్పత్తులు సేకరించేవారు అందరినీ రైతులుగానే పేర్కొంది. మహిళా రైతులకు గ్రామ పంచాయతీ ధ్రువపత్రం ఇవ్వాలంటూ స్వామినాథన్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు కూడా పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. విధాన పత్రంలోని విశాలమైన నిర్వచనం లబ్ధిదారుల జాబితాల దాకా రాలేదు.

రైతు రిజిస్ట్రీ: పాత లోటు కొత్త జాబితాలోకి

2024 సెప్టెంబర్‌లో కేంద్రం 2,817 కోట్ల రూపాయల డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అగ్రి స్టాక్ పేరుతో 2026-27 నాటికి 11 కోట్ల మంది రైతులకు డిజిటల్ గుర్తింపు ఇవ్వాలన్నది లక్ష్యం. ఈ గుర్తింపు భూమి రికార్డులతో ముడిపడి ఉంటుంది. పథకాలు, పంట రుణాలు, కొనుగోళ్లు క్రమంగా దీని ద్వారానే నడిపించాలన్నది ఆలోచన.

ఇంతవరకు గణాంకాల్లో లోటు వల్ల జరిగిన నష్టం పరోక్షమైనది. సర్వేలో ఒక మహిళను సహాయకురాలిగా రాసినా, ఆమె వెంటనే ఏదీ కోల్పోయేది కాదు. రిజిస్ట్రీ అలా కాదు. అక్కడ లెక్కే జాబితా. పేరు లేకపోవడమంటే అర్హత లేకపోవడం. కౌలుదారులను, పట్టా లేని సాగుదారులను చేర్చే పని రాష్ట్రాల విధానం మీద ఆధారపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011 సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డులు, 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రాలు ఇచ్చిన అనుభవం ఉంది. భూ యజమాని ఒప్పుకోకపోతే పత్రం రాదన్నదే ఆ అనుభవంలోని ప్రధాన పాఠం. ఒకే ఇంట్లో భర్త పట్టాదారు, భార్య సాగుదారు అయిన సందర్భానికి ఆ చట్టాల్లోనూ గడి లేదు.

ఏం అడగాలి, ఎవరిని అడగాలి?

గణాంకాల వ్యవస్థను మొత్తంగా మార్చకుండానే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. వ్యవసాయ గణన రెండో దశలో నమూనా గ్రామాల్లో వివరాలు ఎలాగూ సేకరిస్తారు. ఆ దశలో పంట ఎంపిక, అమ్మకం, అప్పు నిర్ణయాలు ఎవరివన్న రెండు మూడు ప్రశ్నలు చేర్చవచ్చు. ఒకే కుటుంబంలో ఇద్దరు సాగుదారులను ఉమ్మడిగా రాసే వీలు కల్పించవచ్చు. నీటి వసతి, ఎరువుల పట్టికలను కమతందారు స్త్రీయా పురుషుడా అన్న వారీగానూ ప్రచురించవచ్చు. కార్మిక సర్వేలో కోడ్ 93 వచ్చినవారికి పాకిస్తాన్ తరహాలో పనుల జాబితా చదివి, ఆ ఫలితాన్ని విడి పట్టికగా ఇవ్వవచ్చు. పరిస్థితి అంచనా సర్వేలో అప్పు ఎవరి పేరిట ఉందో ఒక గడి చేర్చవచ్చు. 2024 అక్టోబర్‌లో మొదలైన 21వ పశుగణనలో పశువులను ప్రధానంగా చూసుకునేది స్త్రీయా పురుషుడా అన్న సమాచారం చేర్చారు. ఇలాంటి మార్పు సాధ్యమేనని అది చూపుతోంది.

ప్రశ్న చేర్చినంత మాత్రాన జవాబు సరిగ్గా వస్తుందన్న భరోసా లేదు. ఇంటి పెద్ద వాకిట్లో కూర్చుని అందరి తరఫునా జవాబు చెబితే, మా ఇంట్లో ఆడవాళ్లు ఏ పనీ చేయరని చెప్పడం గౌరవంగా భావించే చోట, ఎంత మంచి ప్రశ్నపత్రమైనా ఒకటే. మహిళను నేరుగా, వీలైతే విడిగా అడగాలి. దానికి మహిళా గణకులు కావాలి, అదనపు సమయం, ఖర్చు కావాలి. నమూనా చిన్నదైతే జిల్లా స్థాయి అంచనాలు నమ్మదగినవి కావు. ప్రశ్నలు మారినప్పుడు పాత శ్రేణితో పోలిక చెడకుండా కొంతకాలం రెండూ నడపాలి. 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సమావేశం తెచ్చిన కొత్త నిర్వచనాన్ని అనుసరిస్తే, ఇంటి తిండి కోసమే చేసే సేద్యం ఉపాధి కిందికి రాదు, విడి రకం పనిగా రాయాలి. ఆ మార్పును జాగ్రత్తగా చేయకపోతే చిన్న కమతాల మహిళలు మరోసారి ఉపాధి అంకెల్లోంచి మాయమయ్యే ప్రమాదం ఉంది.

2027 ఫిబ్రవరిలో జరగాల్సిన జనాభా లెక్కలు, వాటి తర్వాత వచ్చే వ్యవసాయ గణన ఈ దిశలో దగ్గరలో ఉన్న అవకాశాలు. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. దేశంలో అక్టోబర్ 15ను మహిళా కిసాన్ దివస్‌గా జరుపుతున్నారు. ఆ రోజు సన్మానం పొందే మహిళ పేరు రైతు రిజిస్ట్రీలో ఉందా, ఉంటే పట్టాదారుగా ఉందా సాగుదారుగా ఉందా అన్నది అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. గణాంకాల్లో మార్పు వచ్చిందో లేదో తేల్చడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు.